కడుపుతో ఉన్న పాముకు మన చేతులు వద్దు

మాది ఎడపల్లి అని చెప్తే మా హాస్టల్‌లో సగం మందికి అదెక్కడుందో తెలియదు. "నిజామాబాద్ నుంచి బోధన్ పోయే దారిలో" అంటే, "ఓ, షుగర్ ఫ్యాక్టరీ సైడా" అంటారు. అంతవరకే. కానీ పోయిన ఏప్రిల్‌లో ఆ ఊరి పేరు వల్లే నాకు రాత్రి పదకొండున్నరకు ఒక ఫోన్ వచ్చింది. చేసింది మా బ్యాచ్ మిత్రుడే. వాళ్లిల్లు హైదరాబాద్‌లో.

"అరేయ్, నా పాము తింటలేదురా. నెల కావొస్తోంది. మీది చెరుకు తోటల ఊరు గదా, నీకు పాముల సంగతి తెల్సే ఉంటది."

నాకు పాముల గురించి తెలిసింది ఒక్కటే, కనిపిస్తే ఏ దిక్కు ఉరకాలో. అదే చెప్పాను. వాడు నవ్వలేదు. గొంతులో నిజంగానే భయం ఉంది. మర్నాడు పొద్దున బస్సెక్కాను.

ఆ పాము పేరు బాల్ పైథాన్. మన దేశంది కాదు, ఆఫ్రికాది. వాళ్ల అన్న రెండేళ్ల కింద ఎవరి దగ్గరో పెద్దదాన్నే కొన్నాడట. తర్వాత ఉద్యోగం వచ్చి వేరే ఊరికి పోయాడు, పాము వీడికి మిగిలింది. వీడికి అదంటే ప్రాణం. రోజూ బయటికి తీయడం, మెడలో వేసుకోవడం, రీల్ చేయడం. దాన్ని పట్టుకోగానే అది తల లోపలికి దాచుకుని బంతిలా చుట్టుకునేది. దానికి ఆ పేరు వచ్చింది ఆ అలవాటు వల్లే. వీడు ఆ బంతిని అరచేతుల్లో పెట్టుకుని "ఎంత ముద్దుగా ఉందో చూడు" అని వీడియో తీసేవాడు. అది ముద్దు కాదు, భయమని మా ఇద్దరికీ డాక్టర్ చెప్పేదాకా తెలియదు.

పాముల్ని చూసే వెటర్నరీ డాక్టర్ దొరకడానికి రెండు రోజులు పట్టింది. ఆయన స్కాన్ చేసి ఒక్క మాట అన్నారు: "జబ్బు కాదు, గుడ్లతో ఉంది."

మావాడి మొహం చూడాలి! "మగ పామే లేదు కదా సార్?" అన్నాడు. డాక్టర్ మాకు చిన్న క్లాసే తీసుకున్నారు. ఆడ పాము మగదాని బీజాన్ని నెలల తరబడి, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం ఒంట్లో దాచుకోగలదు. అరుదుగా మగ తోడు లేకుండానే గుడ్లు కట్టడం కూడా ఉంది. తర్వాత చదివితే తెలిసింది, అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలో పదిహేనేళ్లకు పైగా మగ పాము ముఖం చూడని ఒక ముసలి బాల్ పైథాన్ 2020లో ఏడు గుడ్లు పెట్టింది. మావాడి పాముది ఇందులో ఏ కథో మాకు తెలియదు. దాని కడుపులో గుడ్లున్నది మాత్రం నిజం.

"ఇప్పుడు ఏం చేయాలి సార్" అని నోట్‌బుక్ తెరిచాం. డాక్టర్ చెప్పిన వాటిలో ఎక్కువ భాగం చేయకూడనివే. చేతిలోకి తీసుకోవద్దు. కడుపు నొక్కి చూడొద్దు. తినట్లేదని బలవంతంగా నోట్లో పెట్టొద్దు, గుడ్లతో ఉన్న పాము తిండి మానేయడం మామూలే. పెట్టెను ఇటూ అటూ జరపొద్దు. ఇంటికొచ్చిన వాళ్లకు చూపించొద్దు. చేయాల్సినవి నాలుగే: పెట్టెలో ఒక పక్క వెచ్చగా, ఒక పక్క చల్లగా ఉంచాలి, ఎటు పోవాలో అదే చూసుకుంటుంది. శుభ్రమైన నీళ్లు పెట్టాలి. దాక్కోవడానికి తడి నాచు వేసిన మూత డబ్బా ఒకటి ఉండాలి. ఒకసారి కుబుసం విడిచాక సుమారు నెలకు గుడ్లు పెడుతుంది, ఆ తేదీ రాసుకోవాలి. ఇంకో హెచ్చరిక కూడా చేశారు. కొన్ని గుడ్లు పెట్టి ఆగిపోయి తిప్పలు పడుతుంటే మాత్రం ఇంటి వైద్యం చేయకుండా వెంటనే తీసుకురమ్మన్నారు. గుడ్డు లోపల ఇరుక్కుంటే పాము ప్రాణానికే ప్రమాదమట.

బయటికి వచ్చాక మావాడు, "రెండు వేలు తీసుకుని ముట్టుకోవద్దని చెప్పిండు" అన్నాడు. అప్పుడు నేనూ నవ్వాను. ఇప్పుడు అనిపిస్తోంది, ఆ ఒక్క సలహాకు ఎంత ఇచ్చినా తక్కువేనని.

ఇక్కడే మన ఇంజనీరింగ్ బుర్రలు పనిచేయడం మొదలుపెట్టాయి. ఇంక్యుబేటర్ కొనడమెందుకు, మనమే చేద్దాం అనుకున్నాం. థర్మోకోల్ పెట్టె, హీటింగ్ ప్యాడ్, రిలే, ఒక డీహెచ్‌టీ-22 సెన్సర్, ల్యాబ్‌లో మిగిలిన ఆర్డుయినో. ఈ గుడ్లకు సుమారు 31, 32 డిగ్రీల వేడి, మంచి తేమ కావాలి. మా డిస్‌ప్లే మీద 31.5 అని చూసి మురిసిపోయాం. గుడ్లు రాకముందే ట్రయల్ వేయడం మా అదృష్టం. సెన్సర్ మూతకు అతికించి ఉంది, అది పైన గాలి వేడి చెబుతోంది. అడుగున, గుడ్లు ఉండాల్సిన చోట, ఇంకో థర్మామీటర్ పెడితే 34 దాటింది. అంత వేడి అలాగే కొనసాగితే లోపలి పిల్లలు వంకరగా తయారవ్వొచ్చు, చచ్చిపోవచ్చు కూడా. కొలవాల్సింది ఒకటి, మేం కొలిచింది ఇంకొకటి. వైవాలో అడిగితే తడుముకునే ప్రశ్నకు జవాబు ఆ థర్మోకోల్ పెట్టెలో దొరికింది.

మే నెలాఖరున ఆరు గుడ్లు పెట్టింది. ఒకటి చిన్నగా, పసుపు పచ్చగా ఉంది, అందులో పిల్ల లేదని చూడగానే తెలుస్తుంది. మిగతా ఐదు తెల్లగా, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. తల్లి వాటి చుట్టూ చుట్టుకుని పడుకుంది. వాటిని ఇంక్యుబేటర్‌లోకి మార్చేటప్పుడు ఒక్క నియమం పాటించమన్నారు డాక్టర్: ఏ వైపు పైకి ఉందో పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అదే వైపు పైకి ఉండేలా పెట్టండి, తిప్పొద్దు. కోడి గుడ్లను పొదిగేటప్పుడు తిప్పుతుంటారు, పాము గుడ్డు అట్లా కాదు. లోపలి పిండం గుడ్డు గోడకు ఒక చోట పట్టుకుని పెరుగుతుంది. తిప్పితే అది ఊడిపోయి పోవచ్చు.

నేను అప్పటికి ఎడపల్లిలో ఉన్నాను. మార్చింది వాడొక్కడే. ఆ రాత్రి నాకు ఒక ఫోటో వచ్చింది. రెండు గుడ్లను విడదీసి, చెరో చేతిలో ఒకటి పట్టుకుని, వెలుతురు వైపు తిప్పి నవ్వుతున్నాడు. కింద "నాన్న అయిపోయా" అని రాసుంది.

జూలై ఆఖర్లో మూడు పిల్లలు బయటికి వచ్చాయి. ఆ రెండు గుడ్లు రాలేదు. ఆ ఫోటో వల్లే పోయాయని గట్టిగా చెప్పలేం, ముందే బలహీనంగా ఉండి ఉండొచ్చు. కానీ వాడు ఆ ఫోటో డిలీట్ చేశాడు. ఎందుకని నేను అడగలేదు.

అడగకపోవడానికి కారణం ఉంది. నా ఫోన్‌లోనూ అప్పటికి ఒక వీడియో ఉంది.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నప్పటి మాట. వానలు మొదలైన కొత్తలో ఒక సాయంత్రం మా పక్కింటి కొట్టం దగ్గర లొల్లి. గొడ్లకు గడ్డి తీయబోతే కుప్ప కింద రక్తపింజర. కుక్కర్ విజిల్‌కు ముందు వచ్చే శబ్దంలా ఆగకుండా బుస కొడుతోంది. లావుగా ఉంది. ఉరకట్లేదు. అందరూ "ఎంత పొగరో చూడు, కదుల్తలేదు" అన్నారు. నలుగురు కట్టెలు పట్టుకున్నారు. నేను ఫోన్ పట్టుకున్నాను. కట్టెదెబ్బలకు దాని పొట్ట పగిలింది. లోపలినుంచి సన్నని పిల్లలు, పొరల్లో చుట్టుకుని, కొన్ని కదులుతూ బయటపడ్డాయి. జనం ఒక్క క్షణం వెనక్కి జరిగి, మళ్లీ ముందుకొచ్చి వాటినీ కొట్టారు. "ఇరవై పైనే" అని ఎవరో లెక్కపెట్టారు. నేను మొత్తం తీసి స్టేటస్‌లో పెట్టాను. చాలా మంది చూశారు.

ఇంటికొచ్చాక మా బాపమ్మకు చూపించాను. సగం చూసి ఫోన్ పక్కకు నెట్టింది. "కడుపుతోటి ఉన్నదిరా అది. గందుకే ఉరకలే. సంపితే సంపిండ్రు, గది పటం తీసుడెందుకు బిడ్డా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర అప్పుడూ జవాబు లేదు, ఇప్పుడూ లేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. హైదరాబాద్ గదిలో గాజు పెట్టెలో ఉన్న విషం లేని పాము వేరు, ఎడపల్లి కొట్టంలో రక్తపింజర వేరు. నేను ఇక్కడ కూర్చుని మా ఊరి వాళ్లకు జీవకారుణ్యం చెప్తే వాళ్లు నవ్వుతారు, నవ్వాలి కూడా. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. అంటే ఇరవై ఏళ్లలో దాదాపు 12 లక్షల మంది. ఎక్కువ మంది పల్లెల వాళ్లు. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబర్ లోపే, అంటే నాట్ల కాలంలో. ఎక్కువ చావులున్న రాష్ట్రాల జాబితాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. మా ఊర్లో కట్టె పట్టుకున్న ఆ నలుగురిలో ఒకాయన తమ్ముడు కట్లపాము కాటుకు పోయినవాడే. నేల మీద పడుకున్నవాడు పొద్దున లేవలేదు. ఆయన చేతిలో కట్టె ఎందుకుందో నాకు తెలుసు.

మా ప్రాంతంలో పాములు ఎందుకు ఎక్కువో కూడా తెలుసు. నిజాంసాగర్ కాలువ నీళ్లు, ఆ నీళ్లకు చెరుకు, చెరుకుకు 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లు. చెరుకు తోటంటే ఎలుకలకు పది నెలలు ఇల్లూ తిండీ. ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది. 2015 చివర్లో ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు తగ్గింది, వరి, సోయా, మక్కజొన్న పెరిగాయి. ఎలుకలు పోలేదు. పాములూ పోలేదు. మా బాపు మాట ప్రకారం, "పాములు లేకుంటే వడ్లల్ల సగం ఎల్కలకే".

మరి ఆ రక్తపింజర ఎందుకు ఉరకలేదు? బాపమ్మ చెప్పిందే నిజం. రక్తపింజర గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. ఆరు నెలలకు పైగా మోస్తుంది. ఒక్క ఈతకు ఇరవై నుంచి నలభై దాకా పిల్లలు మామూలే. మన దగ్గర ఎక్కువగా జూన్, జూలైలలోనే ఈనుతుంది. నిండు కడుపుతో ఉన్న పాము బరువుగా కదులుతుంది, వెచ్చని చోటు వెతుక్కుంటుంది, ఒకే చోట పడి ఉంటుంది. దాన్నే మనం పొగరు అన్నాం. నాగుపాము సంగతి వేరు. ఎండాకాలంలో ఎలుక బొక్కలోనో పుట్టలోనో పది నుంచి ముప్పై దాకా గుడ్లు పెట్టి, పిల్లలు వచ్చేదాకా రెండు నెలల వరకు దగ్గరే కాపలా ఉంటుంది. కాపలాలో ఉన్న నాగు దగ్గరికి పోతే అది వెనక్కి తగ్గే అవకాశం తక్కువ. కొండచిలువ గుడ్ల చుట్టూ చుట్టుకుని, ఒళ్లు వణికిస్తూ వాటికి వేడి పుట్టిస్తుంది. జెర్రిపోతు, కట్లపాము, నీరుకట్టె గుడ్లు పెట్టేవే. రెండు తలల పాము అని మనం పిలిచేది పిల్లల్ని కనేదే. పాపం, దానికి రెండు తలలూ లేవు, దానితో గుప్త నిధులూ దొరకవు. బరువు ఎక్కువుంటే లక్షలొస్తాయన్న పుకారు నమ్మి పట్టేవాడికి కడుపుతో ఉన్నది దొరికితే పండగే.

అంటే కడుపుతో ఉన్న పాముకు మనం చేసే అన్యాయం ఒక్క కట్టెతోనే కాదు. అమ్ముకునే చేయి ఉంది, వీడియో తీసే చేయి ఉంది, "నాన్న అయిపోయా" అని గుడ్డు తిప్పే చేయి ఉంది. పాలు పోసే చేయి కూడా ఉంది.

పాల గురించి రాస్తే కొందరికి కోపం రావచ్చు. మా ఇంట్లోనూ శ్రావణంలో నాగుల పంచమికి పుట్టకు పోతాం, నేనూ పోతాను. అయితే పాము పాలు తాగే జీవి కాదు. పాలు దానికి అరగవు. పండక్కి పాముల్ని బుట్టల్లో తెచ్చేవాళ్లు ముందు రోజుల నుంచే వాటికి నీళ్లు ఇవ్వరు, దాహంతో ఎండిపోయిన పాము ఏది పెట్టినా మూతి ముంచుతుంది. కోరలు పీకడం, మూతి కుట్టడం కూడా జరుగుతుంది. ఇక పుట్ట బొక్కలో లీటర్ల కొద్దీ పాలు పోస్తే లోపల గుడ్లో, అప్పుడే వచ్చిన పిల్లలో ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. పంచమి వచ్చేది సరిగ్గా ఆ కాలంలోనే.

కానీ అదే పండుగలో ఇంకో మాట ఉంది. ఆ రోజు నాగలి కట్టొద్దు, భూమి తవ్వొద్దు అని పెద్దలు అంటారు. నాకు పండుగ మొత్తంలో అదే అసలు మాట అనిపిస్తుంది. భూమిలో ఎవరో గుడ్ల మీద ఉన్నారు, ఒక్క రోజైనా చేతులు కట్టుకుని కూర్చోండి అని. పాలు గుర్తుపెట్టుకున్నాం, చేతులు కట్టుకోవడం మర్చిపోయాం.

చట్టం కూడా ఇదే చెప్తోంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' అనే మాటకు ఇచ్చిన అర్థం చదివి నేను ఆశ్చర్యపోయాను. చంపడమే కాదు, పట్టుకోవడం కూడా వేటే. పాముల వంటి సరీసృపాల విషయంలో గుడ్లను పాడుచేయడమే కాదు, గుడ్లను, గూడును కదిలించడం కూడా వేట కిందికే వస్తుంది. అంటే మన నాగును, జెర్రిపోతును, కొండచిలువను ఇంట్లో పెంచడం నేరం. "నేను ప్రేమగా చూసుకుంటున్నా సార్" అంటే కుదరదు. బాల్ పైథాన్ లాంటి విదేశీ పాముల దారి వేరు. 2022 సవరణ తర్వాత, 2024లో వచ్చిన నియమాల ప్రకారం అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్న జంతువుల్ని పెంచేవాళ్లు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, వాటికి పుట్టిన పిల్లల సంగతీ తెలపాలి. బాల్ పైథాన్ ఆ జాబితాలో ఉంది. మావాడి అన్న దగ్గర ఒక్క కాగితం లేదు. ఇప్పుడు ఒక పాము నాలుగైంది. ఈ మూడింటినీ ఎవరికి ఇస్తాడు? అమ్మితే కొత్త తప్పు. కాలువలో వదిలితే ఇంకా పెద్ద తప్పు, ఆఫ్రికా పాము ఇక్కడ బతకొచ్చు, చావొచ్చు, రెండూ మంచిది కాదు. ఇరవై ఏళ్లకు పైగా బతికే జీవిని కొనేటప్పుడు ఎవరూ సెమిస్టర్ లెక్కలకు మించి ఆలోచించలేదు. వాడిప్పుడు కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. నా అభిప్రాయం వాడికే చెప్పాను, ఇక్కడా రాస్తున్నా: హాస్టల్ గదుల్లో, అద్దె గదుల్లో ఉండే మన వయసు వాళ్లు పామును పెంచకూడదు. ఇప్పటికే ఉంటే నమోదు చేయించాలి, ఆడదో మగదో తెలుసుకోవాలి, జంటగా ఉంచకూడదు. గుడ్లు వచ్చాయని పండుగ చేసుకునే ముందు పిల్లలకు దిక్కు చూడాలి.

"సరే, ఊర్లో కొట్టంలోకి పింజర వస్తే చేతులు కట్టుకుని కూర్చోమంటావా?" అని అడుగుతారు. కాదు. మనుషులు, గొడ్లు తిరిగే చోట విషప్పాము ఉండనివ్వమని నేను అనను. కానీ కొట్టేవాడే ఎక్కువగా కాటుకు దగ్గరవుతాడు. కట్టె పొడవు ఎంత, పాము విసురు ఎంత, లెక్క వేసుకోండి. కనిపించినప్పుడు దూరం జరగడం, పిల్లల్ని, కుక్కల్ని దూరం పెట్టడం, ఒకరు దూరం నుంచే దానిమీద కన్నేసి ఉంచడం, అటవీ శాఖకు గానీ శిక్షణ ఉన్న పాములు పట్టేవాళ్లకు గానీ ఫోన్ చేయడం, ఇదీ పద్ధతి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు 1995 నుంచి ఇదే పని చేస్తున్నారు. ఇళ్లలో దొరికిన పాముల్ని పట్టి అడవిలో వదులుతున్నారు. శిక్షణ లేకుండా యూట్యూబ్ చూసి తోక పట్టే హీరోలు మాత్రం దయచేసి వద్దు. కడుపుతో ఉన్న పామును తోక పట్టి వేలాడదీస్తే దాని బరువంతా లోపలి పిల్లల మీదో గుడ్ల మీదో పడుతుంది, మీ ప్రాణం సంగతి సరేసరి.

కాటు పడితే మంత్రం వద్దు, బ్లేడుతో కోయడం వద్దు, తాడుతో బిగించి కట్టడం వద్దు. కాటు పడ్డ కాలో చేయో కదపకుండా నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి. విషానికి మందు యాంటీ వెనమ్ ఒక్కటే. ఆ మందు ఎక్కడినుంచి వస్తుందో తెలుసా? పాముల విషం నుంచే. తమిళనాడులో 1978లో మొదలైన ఇరుల గిరిజనుల సహకార సంఘం నాగు, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజరలను పట్టి, విషం తీసి, మళ్లీ వదిలేస్తుంది. మనం కొట్టి చంపే పామే ఇంకెవరినో బతికించే మందుకు మూలం.

పోయిన జూన్‌లో బాపు నుంచి ఫోన్ వచ్చింది. మామూలుగా ఆయన నాకు ఫోన్ చేసేది ఫీజు గురించే. "అరే, కాల్వ కట్ట మీది గడ్డి కోస్తుంటే బొక్కల గుడ్లు కనపడ్డయ్. పామువే. తెల్లగ, మెత్తగ ఉన్నయ్. నువ్వు పట్నంల పాముకు డెలివరీ చేసినవట గదా, చెప్పు ఏం జేద్దం?"

నవ్వొచ్చింది. "ముట్టుకున్నవా బాపు?"

"నాకేం పని, ముట్టలే."

"అట్లనే ఉంచు. గడ్డి మళ్ల కప్పు. అటు ఎవ్వలను పోనియ్యకు, నువ్వు గూడ పోకు. తల్లి దగ్గర్లనే ఉండొచ్చు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "రెండు నెలలు ఆ మూల గడ్డి పోతది. పోనీ తియ్."

మా బాపు పాముల ప్రేమికుడు కాదు. కొట్టంలోకి వస్తే ఇప్పటికీ కట్టె కోసమే చూస్తాడేమో. కానీ ఆ మూలకు ఆయనే రెండు కర్రలు పాతి పాత చీర ముక్క కట్టాడు. గొడ్లను అటు తోలలేదు. ఆగస్టులో పోయి చూస్తే బొక్క దగ్గర ఎండిపోయిన గుడ్డు పెంకుల్లాంటివి కొన్ని ఉన్నాయట. ఏ పాముదో, ఎన్ని పిల్లలో ఎవరూ చూడలేదు. ఎవరినీ ఏదీ కరవలేదు. వీడియో లేదు.

నా పాత వీడియో ఆ రోజే తీసేశాను. తీసేస్తే చేసింది పోదు. అయినా తీసేశాను.

ఇది మన క్లబ్ పత్రిక కాబట్టి చివరగా మన కాలేజీ సంగతి. బాయ్స్ హాస్టల్ వెనక పొదల్లో జెర్రిపోతులున్నాయని అందరికీ తెలుసు. వాటికి విషం లేదు. మెస్ వెనక ఎలుకల్ని తింటున్నది అవే. పోయిన సెమిస్టర్‌లో ఒకదాన్ని ఫస్టియర్ పిల్లలు రాళ్లతో కొట్టారు, చుట్టూ పది ఫోన్లు లేచాయి. అది కడుపుతో ఉందో లేదో మనకు తెలియదు, ఎవరూ ఆగి చూడలేదు. నేను అడిగేది మూడు చిన్న పనులు. నోటీస్ బోర్డు మీద, వాచ్‌మన్ గదిలో అటవీ శాఖ నంబర్ అతికిద్దాం. మెస్ వెనక చెత్త రోజూ తీయిద్దాం, ఎలుకలు తగ్గితే పాములూ తగ్గుతాయి. రాత్రి అటు పోయేటప్పుడు టార్చ్, చెప్పుల బదులు బూట్లు. ఇంతే. వచ్చే జూన్‌లోపు చేస్తే మంచిది. వానలు మొదలయ్యాక మనకూ, వాటికీ కష్టకాలమే.